సున్నపు గోడల పురమందిరాలు: ఉత్తర కోస్తా పౌర భవనాల వాస్తు చరిత్ర

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి పట్టణాలకు, ఉద్దానం తీర గ్రామాలకు తుఫానులు కొత్త కావు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటిన సమయంలో గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. కొబ్బరి, జీడితోటలకు వాటిల్లిన నష్టం రాష్ట్రమంతటికీ విదితమే. తోటల నష్టం లెక్కల నడుమ అంతగా ఎవరి దృష్టికీ రాని అంశం మరొకటి ఉన్నది. తుఫాను వెలిసిన తరువాత పాత పౌర భవనాలకు మరమ్మతు అంచనాలు తయారవుతాయి. ఆ అంచనాలలో సిమెంటు, ఇసుక, ఇనుము, రంగులకు పద్దులు ఉంటాయి గాని, ఆ గోడను మొదట దేనితో కట్టారన్న ప్రశ్నకు చాలా సందర్భాలలో చోటుండదు. వందేళ్ల నాటి సున్నపు గోడకు తుఫాను గాలి చేయలేని హాని, తెలియక చేసిన మరమ్మతు పదేళ్లలో చేయగలదు.

ఈ విషయం బోధపడడానికి ఉత్తర కోస్తాలో పౌర భవన నిర్మాణం ఏ విధంగా మొదలైనదో తెలుసుకోవడం అవసరం. ఆ కాలపు పౌర భవనాలలో పెద్దది, పేరు పొందినది పురమందిరం. జనవ్యవహారంలో దాని పేరు టౌను హాలు.

పరిపాలనా చరిత్రను బట్టి చూస్తే పలాస, టెక్కలి ప్రాంతాలకు సమీప ఉదాహరణ విశాఖపట్నం పురమందిరమే. నేటి శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు గంజాం ఆ రాష్ట్రానికి వెళ్లగా, తెలుగు ప్రాంతాలైన టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950 ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళం ప్రత్యేక జిల్లాగా అవతరించింది. నడుమ 14 సంవత్సరాలు ఉద్దానం రైతుకు సైతం జిల్లా కేంద్రం విశాఖపట్నమే. అంతకుముందు భూమిశిస్తు, న్యాయం, దానధర్మాలు అన్నీ టెక్కలి, మందస, పర్లాకిమిడి జమీందారీల కచేరీల చుట్టూ తిరిగేవి. ఈ ప్రాంతంలో పౌర భవనానికి ధనం ఎక్కడినుండి వచ్చేదన్న ప్రశ్నకు సమాధానం కూడా అక్కడే లభిస్తుంది.

జమీందారుల విరాళం, పురపాలక సంఘపు స్థలం

పురమందిరం మన దేశవాళీ సంప్రదాయంలో పుట్టిన కట్టడం కాదు. దేవాలయ మండపం, సత్రం, చావడి, కచేరీ, ఇవి మనకు మొదటినుండి ఉన్నవి. పౌరులు సభ్యులుగా కూర్చుని పట్టణ వ్యవహారాలను చర్చించే మందిరం మాత్రం పురపాలక చట్టాలతో పాటు వచ్చింది. మద్రాసు రాజధానిలో 1865లోను, 1871లోను పట్టణాభివృద్ధి చట్టాలు వచ్చాయి. స్థానిక స్వపరిపాలనపై లార్డ్ రిప్పన్ ప్రభుత్వం 1882 మే నెలలో తీర్మానం వెలువరించింది. ఆ వెనుక 1884లో జిల్లా పురపాలక సంఘాల చట్టం అమలులోకి వచ్చింది. పన్ను వసూలు చేసే సంఘం ఏర్పడినది, ఎన్నికైన సభ్యులు వచ్చారు. సభ జరుపుకొనడానికి చోటు లేదు. వీధిదీపాలకు, మురుగు కాలువలకు చాలీచాలని పన్నుల రాబడితో మందిరం కట్టడం అసాధ్యం. కనుక స్థలం పురపాలక సంఘానిది, ధనం దాతది అన్న పద్ధతి చాలాచోట్ల స్థిరపడింది.

మద్రాసు నగరంలోని విక్టోరియా పబ్లిక్ హాలు కథ ఇందుకు తార్కాణం. దానికి 1883 డిసెంబరు 17వ తేదీన శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. రాజధాని నగరపు పురమందిరానికి ఉత్తరాంధ్ర సంస్థానాధీశుని చేతులమీదుగా పునాది పడడం ఆ కాలపు పరిస్థితిని సూచిస్తున్నది. భవన రూపకల్పన చేసినవారు మద్రాసు ప్రభుత్వ వాస్తుశిల్పి రాబర్ట్ ఫెలోస్ చిషోల్మ్. నిర్మాణ బాధ్యత నంపెరుమాళ్ చెట్టిది. ఎర్ర ఇటుక, సున్నం, అర్ధచంద్రాకారపు తోరణాలు, ప్రధాన మందిరంలో సుమారు 600 మందికి ఆసనాలు, ఒక పార్శ్వాన తిరువాన్కూరు తరహా కప్పుతో చతురస్రాకారపు గోపురం. ఇంగ్లండు నుండి నమూనా తెచ్చినప్పటికీ, కప్పు మాత్రం మలబారు తీరపు వర్షాన్ని ఎరిగినదై ఉన్నది. పర్లాకిమిడి రాజప్రాసాదం కూడా చిషోల్మ్ రూపకల్పనగానే ప్రసిద్ధి పొందినది. టెక్కలి మీదుగా రైలులో వెళ్లేవారికి ఆ ప్రాసాదం ఎంతో దూరం కాదు.

రాజమహేంద్రవరం పురమందిరం చరిత్ర వేరు. 1890లో దానిని నిర్మింపజేసిన కందుకూరి వీరేశలింగం పంతులు జమీందారు కారు, ఉపాధ్యాయుడు, గ్రంథకర్త. సంఘ సంస్కరణ సభలకు, ఉపన్యాసాలకు చోటు కావాలన్న పట్టుదలతో స్వంత ధనం వెచ్చించారు. నేటికీ ఆ మందిరం ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉన్నది. నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం సైతం దాత పేరునే నిలుపుకొన్నది. తెలుగునాట పురమందిరాలను గుర్తు పట్టడానికి వాస్తుశైలి కంటె దాత పేరే ఎక్కువ ఉపకరిస్తున్నదంటే అతిశయోక్తి కాదు.

విశాఖపట్నం పాతనగరంలోని పురమందిరం బొబ్బిలి మహారాజు వేంకట శ్వేతాచలపతి రంగారావు దాతృత్వ ఫలితం. 1897లో జరిగిన విక్టోరియా రాణి వజ్రోత్సవం పేరు దానికి పెట్టారు. 1904లో మందిరం ప్రారంభమైంది. రాతితో కట్టిన ఈ భవనం సముద్రానికి చేరువలో 120 సంవత్సరాలకు పైగా ఉప్పుగాలిని తట్టుకొని నిలిచి ఉన్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను నేరుగా ఆ నగరం మీదనే తీరం దాటిన సంగతి ఈ సందర్భంగా గమనార్హం. మహా విశాఖ నగరపాలక సంస్థ ఇటీవలి సంవత్సరాలలో ఈ మందిర పునరుద్ధరణ చేపట్టింది.

ఈ దాతృత్వానికి రెండవ పార్శ్వం కూడా ఉన్నది. తొలి దశాబ్దాలలో పురమందిరం ఆచరణలో అందరిదీ కాదు. ఇంగ్లీషు చదువుకొన్న వకీళ్లు, ఉద్యోగులు, జమీందారులు, వర్తక ప్రముఖులు అక్కడి సభ్యులు. విరాళంగా వచ్చిన సొమ్ము మాత్రం రైతు చెల్లించిన శిస్తే. 1940 మార్చి నెలలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగినదన్న విషయం, ఆ వెంటనే మందస జమీందారీ ప్రాంతంలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ బలి అయినదన్న విషయం ఈ చరిత్ర పక్కన పెట్టి చదవవలసినవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిశాయి. కచేరీలు, బంగళాలు అనేకచోట్ల ప్రభుత్వ కార్యాలయాలుగా, పాఠశాలలుగా మారాయి. పురమందిరం లేని చిన్న పట్టణంలో ఆ కాలపు పౌర వాస్తుకు అటువంటి కట్టడాలే ప్రతినిధులు.

మందిరం లోపలి అమరిక

ఉత్తర కోస్తాలో ఆ కాలపు మందిరాలు చూపునకు భిన్నంగా ఉన్నా, అమరికలో ఒకే కుదురుకు చెందినవి. మధ్యన పొడవైన పెద్దగది, చుట్టూ గాని ముందువెనుకల గాని వసారాలు, ముఖద్వారం ఎదుట బండ్లు ఆగడానికి కప్పుగల వాకిలి. నేలమట్టం వీధికంటె మూడు నాలుగు అడుగులు ఎత్తు. మెట్లు ఎక్కి లోపలికి వెళ్లడం హోదా కొరకని కొందరి అభిప్రాయం. తీరప్రాంతంలో ఆ ఎత్తుకు ముఖ్య కారణం వాననీరు, నేలచెమ్మ.

గోడలు ఒకటిన్నర నుండి రెండడుగుల మందం. కిటికీలు నిలువెత్తువి, వాటిపైన గాలి కొరకు చిన్న గవాక్షాలు. కప్పు 18 అడుగులకు తక్కువ కాకుండా ఎత్తుగా ఉండడంతో వేడిగాలి పైకి చేరి గవాక్షాలగుండా వెలుపలికి పోతుంది. వసారా ఎండను గోడకు తగలనివ్వదు, వానజల్లును కిటికీకి చేరనివ్వదు. విద్యుత్తు పంకాలు లేని రోజులలో మూడు నాలుగు వందలమంది ఒకచోట కూర్చొనగలిగారంటే ఈ అమరికే కారణం.

తెలుగువారు ఈ నమూనాకు చేర్చిన ముఖ్యమైన భాగం రంగస్థలం. ఇంగ్లండులో పురమందిరానికి వేదిక ఉంటే చాలును. అధ్యక్షుడు, నలుగురు వక్తలు పట్టితే సరిపోతుంది. ఇక్కడ ఉపన్యాసం కంటె నాటకానికి జనం వస్తారు. గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం నాటకాన్ని 1892 ఆగస్టు 13వ తేదీన విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు మొదటిసారి ప్రదర్శించిన నాటినుండి ఉత్తరాంధ్రలో నాటక సమాజాల సందడి పెరిగింది. తెరలు జారడానికి ఎత్తు, పాత్రధారులు వేషం మార్చుకొనడానికి వెనుకగది, పక్కదారులు అవసరమయ్యాయి. తదనుగుణంగా పలు మందిరాలలో వెనుకవైపు గోడను తొలచి గాని, కొత్త భాగం చేర్చి గాని రంగస్థలం ఏర్పరచారు. పాత భవనాన్ని పరిశీలించే ఇంజనీరు ఈ చేర్పులను వేరుగా గుర్తించడం అవసరం. మొదటి గోడకు, చేర్చిన గోడకు నడుమ నిలువు పగులు కనబడితే అది పునాది కుంగినందువల్లనే ఏర్పడినదని తొందరపడి నిర్ణయించరాదు. ఒకదానికొకటి కట్టుదిట్టంగా అతకని రెండు కాలాల కట్టుబడి అట్లాగే విడివడుతుంది.

రాయి, ఇటుక, టేకు, పెంకు

తూర్పు కనుమల పాదాన ఉన్న ఈ ప్రాంతంలో రాతికి కొరత లేదు. టెక్కలి పరిసరాల గ్రానైటు నేడు దేశవిదేశాలకు ఎగుమతి అవుతున్నది. గ్రానైటును కోసే యంత్రాలు లేని రోజులలో చేతికి లొంగే రాయి ఖొండలైటు. కోణార్క దేవాలయానికి వాడిన రాయి కూడా ఇదే జాతి. ఉలికి త్వరగా లొంగే ఈ రాయికి సముద్రపు గాలిలో త్వరగా అరిగే గుణం కూడా ఉన్నది. కోణార్క శిల్పాల అరుగుదలే అందుకు సాక్ష్యం. ఆ కారణం చేతనే తీరప్రాంతపు మేస్త్రులు గుండ్రాతి గోడను బయట పెట్టక సున్నపు పూతతో కప్పేవారు. కొందరు అందం కొరకని ఈ పూతను చెక్కించి రాయిని బయటపెడుతున్నారు. గోడకు అది కవచమన్న సంగతి గుర్తుంచుకొనవలసి ఉన్నది.

రైలుమార్గం రావడంతో నిర్మాణ సామగ్రి మారింది. బెజవాడ, కటకముల మధ్య తూర్పుతీర రైలుమార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య దశలవారీగా ప్రారంభమైంది. పలాస పట్టణంగా పెరగడానికి ఆ మార్గమే ఆధారం. ప్రధాన మార్గంలోని నౌపడా నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి, అక్కడి రాజావారి వ్యయంతో, రెండున్నర అడుగుల సన్నపట్టాల రైలు 1900 ఏప్రిల్ 1వ తేదీన మొదలైంది. తరువాత దానిని గుణుపురం వరకు పొడిగించారు. ఆ చిన్నరైలు 2004 జూన్‌లో ఆగిపోగా, పెద్దపట్టాల మార్గం 2011 నాటికి గుణుపురం వరకు వినియోగంలోకి వచ్చింది. అంతకుముందు ఓడరేవుకు దగ్గరగా ఉన్న ఊరికే దొరికే బర్మా టేకు, మంగుళూరు పెంకు, ఇనుప దూలం రైలు వచ్చిన తరువాత లోపలి ఊళ్లకు సైతం చేరసాగాయి.

ఈ సామగ్రి భవనం వయస్సును తెలిపే సాక్ష్యం కూడా. మంగుళూరులో బాసెల్ మిషన్‌వారి పెంకుల కర్మాగారం 1865లో మొదలైంది. పెంకును తిరగవేస్తే తయారీదారు పేరు అచ్చు పోసి ఉంటుంది. ఇనుప దూలాల నడుముపై కూడా కర్మాగారం పేరు కనబడుతుంది. మనదేశంలో పోర్టులాండ్ సిమెంటు తయారీ నిలకడగా సాగినది 1914లో పోరుబందరు కర్మాగారంతోనే. కావున 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ తీరాన కట్టిన గోడ సున్నపు గోడయే అని భావించి పరీక్ష మొదలుపెట్టడం సమంజసం. శిలాఫలకం పోయిన భవనం విషయంలో పత్రికా విలేఖరులకు కూడా ఈ ఆనవాళ్లు అక్కరకు వస్తాయి. మాల్ట్బీ రచించిన 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ రచించిన 1907 నాటి విశాఖపట్నం గెజెటీరు, పురపాలక సంఘాల పాత తీర్మాన పుస్తకాలు, వీటితో పెంకు వెనుక అక్షరాలను సరిపోల్చి చూస్తే నిర్మాణ కాలంపై ఊహాగానాలకు తావుండదు.

కప్పులలో విశేషంగా చెప్పుకోవలసినది మద్రాసు మిద్దె. టేకు దూలాలపై వరుసగా వాసాలు పరచి, వాటిమీద అంగుళం మందపు చిన్న పలక ఇటుకలను అంచుపై నిలబెట్టి, ఐమూలగా సున్నంతో అతుకుతారు. వాటికి క్రింద ఆధారపు చెక్కలు అక్కరలేదు. ఇటుక ఇటుకను పట్టుకొని నిలుస్తుంది. దానిపై మూడు నాలుగు అంగుళాల మందాన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసి, కూలి స్త్రీలు వరుసగా కూర్చుని కొయ్య బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీటిని చల్లుతూ, పొర గట్టిపడి బద్ద ఎగిరిపడే వరకు ఆ పని సాగేది. చివరన పలచని పెంకు బిళ్లలు పరచేవారు. ఎంతో శ్రమతో కూడిన ఈ కప్పు బరువైనది కావడం వలన తుఫాను గాలికి పైకి లేవదు. ఇదే తీరంలో పెంకుటిళ్ల కప్పులు, రేకులు గాలికి ఎగిరిపోవడం ప్రతి తుఫానులోను చూస్తున్నదే. అయితే మద్రాసు మిద్దెకు బలహీనత ఒకటి ఉన్నది. దూలపు కొన గోడలో దూరిన చోట చెమ్మ చేరితే టేకు సైతం పుచ్చుతుంది. నీరు పోయే గొట్టం పూడిపోవడం చిన్న లోపంగా కనబడినా, మందిరపు కప్పు పడిపోవడానికి తొలి మెట్టు అదే.

గోడలో ఉప్పు చేసే పని

టెక్కలికి సమీపంలోని నౌపడా ఉప్పు కొఠార్లను చూసినవారికి ఈ విషయాన్ని వివరించడం సులభం. మడిలో నిలిచిన సముద్రపు నీరు ఎండకు ఆవిరికాగా ఉప్పు గడ్డకడుతుంది. తీరప్రాంతపు గోడలోనూ ఇదే జరుగుతుంది. నేలనుండి ఎక్కే చెమ్మలోను, గాలితో వచ్చి గోడను తాకే తుంపరలోను ఉప్పు కరిగి ఉంటుంది. చెమ్మ ఎక్కడ ఆవిరి అవుతుందో ఉప్పు అక్కడ గడ్డకడుతుంది. గడ్డకట్టే స్ఫటికం తనకు చోటు చేసుకొంటూ పక్కనున్న రాతిని, ఇటుకను నెట్టుతుంది. ఆ ఒత్తిడికి పెచ్చులూడతాయి.

సున్నపు పూతకు సూక్ష్మరంధ్రాలు ఎక్కువ. గోడలోని చెమ్మ దానిగుండా వెలుపలికి వచ్చి పూత ఉపరితలంపైనే ఆవిరి అవుతుంది. ఉప్పు కూడా అక్కడే మిగులుతుంది. పదిహేను ఇరవై ఏళ్లకు పూత పొడిపొడిగా రాలవచ్చును. రాలినది పూతయే, లోపలి ఇటుక భద్రంగా ఉంటుంది. పూత తీసి మరల వేస్తే గోడ మరొక తరానికి నిలుస్తుంది. పాత మేస్త్రులు పూతను అరిగిపోవడానికే వేసేవారని చెప్పవచ్చును.

అదే గోడకు సిమెంటు పూత వేస్తే మొదటి రెండు మూడేళ్లు చూపునకు ఎంతో గట్టిగా, నునుపుగా ఉంటుంది. చెమ్మకు వెలుపలికి వచ్చే దారి మూసుకొని పోవడంతో అది గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది, ఇటుకకు పూతకు నడుమ ఆవిరి అవుతుంది. ఉప్పు అక్కడ గడ్డకట్టి, ఈసారి పూతను కాక ఇటుకనే పిండి చేస్తుంది. కొంతకాలానికి సిమెంటు పలక పలకగా ఊడినపుడు దానితో పాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. అంతవరకు మోకాలి ఎత్తున ఆగిన తడి మనిషి ఎత్తుకు చేరి ఉంటుంది. దీనిని చూచి నిర్మాణం శిథిలమైనదని ధ్రువీకరించి, కూల్చివేతకు సిఫారసు చేయడం కద్దు. మరమ్మతు వలన కలిగిన వ్యాధిని వృద్ధాప్యంగా ఎంచడమే ఇందులోని పొరపాటు.

ఇనుము విషయంలోనూ జాగరూకత అవసరం. తుప్పు పట్టిన ఇనుము తన మొదటి పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బుతుంది. దూలాల మధ్య ఇటుక కమానులతో వేసిన కప్పులలో ఈ ఉబ్బు గోడను చీల్చుతుంది. పాత రాతి గోడలో పగులు కనబడిన వెంటనే ఇనుప చువ్వలు దిగవేసి సిమెంటు పోయడం తీరప్రాంతంలో ఎంతమాత్రం క్షేమం కాదు.

రంగుల ఎంపిక చిన్న విషయంగా కనబడుతుంది. ఏటా సంక్రాంతికో ఉగాదికో వెల్ల వేసే ఆచారం పండుగ శోభ కొరకే కాక గోడ ఆరోగ్యానికి కూడా ఉపకరించేది. వెల్ల అనేది పలచని సున్నపు పూతయే. సన్నని పగుళ్లను అది తనంతట తాను పూడ్చుతుంది. దాని స్థానంలో వచ్చిన నూనె రంగులు, ప్లాస్టిక్ రంగులు గోడను సంచిలో పెట్టి మూతి కట్టినట్లు బిగించివేస్తున్నాయి. ఈ ఒక్క మార్పును వెనుకకు తీసుకొనడానికి ప్రత్యేక నిధులతో పని లేదు, ఖర్చు తగ్గుతుంది కూడా.

సున్నపు పనికి ఉన్న ప్రధాన అవరోధం నైపుణ్యం కొరత, సమయం. గుల్లలను గాని సున్నపురాయిని గాని కాల్చి, నీటిలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో ఎద్దులతో త్రిప్పించి తయారు చేసిన గానుగ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. ఒక పొర ఆరిన తరువాతనే మరొక పొర వేయాలి. మార్చి నెలాఖరులోపు నిధులు వెచ్చించవలసిన ఒత్తిడిలో ఉన్న కార్యాలయానికి ఇంత ఓపిక కష్టమే. గానుగకు బదులు యంత్రపు రుబ్బురోలు వాడవచ్చును. ఆరే గడువును మాత్రం కుదించరాదు.

బాధ్యత ఎవరిది

ఇటువంటి భవనాలలో అధిక భాగం పురావస్తు శాఖ రక్షణ పరిధిలో లేవు. 1958 నాటి కేంద్ర చట్టం జాతీయ ప్రాముఖ్యం గలవని ప్రకటించిన కట్టడాలకు, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రాచీన, చారిత్రక కట్టడాల చట్టం రాష్ట్ర ప్రభుత్వం రక్షితమని ప్రకటించినవాటికి వర్తిస్తాయి. ప్రకటన లేని పురమందిరం, పాత పాఠశాల, ప్రయాణికుల బంగళా, పూర్వపు కచేరీ ఆయా పురపాలక సంఘం, పంచాయతీ లేదా ప్రభుత్వ శాఖ ఆస్తి మాత్రమే. అట్టి భవనాన్ని నిలుపుటకైనా కూల్చుటకైనా నిర్ణయం స్థానికంగానే జరుగుతుంది. రాజ్యాంగ 74వ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూలులో సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల అభివృద్ధి పట్టణ స్థానిక సంస్థల విధులలో ఒకటిగా ఉన్నది. కేంద్ర ప్రజాపనుల శాఖ 2013లో వారసత్వ భవనాల పరిరక్షణపై కరదీపిక వెలువరించింది. సున్నపు పనికి అంచనా ఎట్లా తయారు చేయాలో తెలియదన్న సమాధానం ఆ తరువాత చెల్లదు. మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలు పునరుద్ధరణను అక్కడి నగరపాలక సంస్థ 2023లో చేపట్టింది. విశాఖపట్నం ఉదాహరణ ఇంకా చేరువలోనిది. పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం, టెక్కలి పంచాయతీల సాంకేతిక సిబ్బంది అక్కడికి వెళ్లి పనిని స్వయంగా పరిశీలించడానికి రైలులో కొన్ని గంటల ప్రయాణం చాలు.

వాడుకలో ఉన్న మందిరమే నిలుస్తుంది. తలుపులు మూసిన గదిలో గాలి ఆడక చెమ్మ పెరుగుతుంది, గబ్బిలాలు చేరుతాయి, రావి మొలకలు గోడ చీలికలలో వేళ్లు దిగవేస్తాయి. రావిమొక్కను పెరికివేయడం వలన కట్టుబడి ఊడుతుంది గనుక మొదలు నరికి, వేరు లోపలే ఎండిపోయే విధంగా చూడాలి. వారానికి రెండు సభలు, ఒక పుస్తక పఠనాలయం, ఏడాదికి నాలుగు నాటకాలు ఉన్న చోట కప్పు కారిన మరునాడే ఎవరో ఒకరు గమనించి కార్యాలయానికి తెలియజేస్తారు.

పనికి అనువైన కాలం కూడా ఈ తీరానికి ప్రత్యేకమైనది. తిత్లీ, హుద్‌హుద్ తుఫానులు, 2013లో గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ తుఫాను, మూడూ అక్టోబరు రెండవ వారంలోనే వచ్చాయి. జూన్ మొదలు నవంబరు వరకు వానలో సున్నం ఆరదు, ఏప్రిల్, మే నెలల ఎండలో త్వరగా ఎండి పగులుతుంది. డిసెంబరు నుండి మార్చి వరకు ఉన్న నాలుగు నెలలే పూత పనికి తగినవి. అందుకొరకు సున్నాన్ని వేసవిలోనే కాల్చించి, గోతిలో నీటిక్రింద నానబెట్టి ఉంచవలసి ఉంటుంది. పాత ప్లాస్టరు నమూనాను పరీక్షకు పంపి, ఇసుక, సున్నం పాళ్లు తెప్పించుకొనడానికి వర్షాకాలం సరిపోతుంది. కప్పు గొట్టాలను, దూలాల కొనలను మాత్రం సెప్టెంబరు నెలాఖరులోపు ఒకసారి నిచ్చెన వేసి చూసి, రాతపూర్వకంగా నమోదు చేయవలసి ఉంటుంది.